ఆశ్రమంలో పెద్దావిడ ఒంటిమీద దెబ్బ: గొడవకు ముందు కాగితం

వృద్ధాశ్రమంలో ఉన్న అమ్మ చేతి మీదో, నాన్న వీపు మీదో కమిలిన మచ్చ కనిపించిన రోజున కుటుంబం చేసే మొదటి పని దాదాపు ఎప్పుడూ ఒకటే. ఆఫీసు గదిలోకి వెళ్ళి, నడిపేవాళ్ళ మీద కేకలెయ్యడం. కోపంలో తప్పేమీ లేదు. కానీ ఆ కేకల తర్వాత జరిగేది కూడా ఇంచుమించు ఒకేలా ఉంటుంది. ఆ డ్యూటీలో ఉన్న ఆయా సాయంత్రానికి "ఊరెళ్ళిపోయిందండి". మందుల రిజిస్టర్లో ఖాళీ గళ్ళు నిండిపోతాయి. సీసీ కెమెరా "వారం నుంచీ పనిచెయ్యట్లేదండి". అరిచినవాళ్ళు రాత్రి బస్సెక్కి హైదరాబాద్ వెళ్ళిపోతారు. పెద్దావిడ మాత్రం అదే మంచం మీద, అదే మనుషుల చేతుల్లో ఉంటుంది.

అందుకే ఇక్కడ వరస ముఖ్యం. ముందు మనిషిని అక్కడినుంచి తప్పించాలి, తర్వాత డాక్టరుకు చూపించాలి, కాగితం పుట్టించాలి. నిలదీయడం ఆ తర్వాతే. గోదావరి జిల్లాల్లో ఈ వరస తలకిందులు కావడానికి ప్రత్యేకమైన కారణాలున్నాయి. భీమవరం, పాలకొల్లు, తణుకు చుట్టుపక్కల ఊళ్ళలో పిల్లలు హైదరాబాద్, బెంగళూరు, అమెరికాల్లో ఉంటారు. కోనసీమ నుంచి కువైట్, మస్కట్ వెళ్ళినవాళ్ళకు లెక్కే లేదు. తల్లిదండ్రులు కొన్నేళ్ళు ఒంటరిగా, మరి కొన్నేళ్ళు ఇంట్లో పనిమనిషి సాయంతో నెట్టుకొస్తారు. బాత్రూంలో జారిపడి తుంటి ఎముక విరిగాక ఆశ్రమం మాట వస్తుంది. ఆ ఆశ్రమం నడిపే ఆయన కూడా తెలిసినవాడే అయ్యుంటాడు. పక్క ఊరివాడు, బంధువులకు బంధువు, లేదా గుడి కమిటీలోనో చర్చిలోనో పెద్దమనిషి. అలాంటివాడి మీద స్టేషన్‌కి వెళ్ళడమంటే పరువు సమస్య. "పెద్దల్లో పెట్టి మాట్లాడుకుందాం" అనే మాట అక్కడే పుడుతుంది.

దూరంగా ఉన్న పిల్లలకు దొరికేది వారానికో వీడియో కాల్. ఫోన్ పట్టుకుని నిలబడేది ఆయానే. అమ్మ "బాగానే ఉన్నాన్రా" అంటుంది. ఆయా ఎదురుగా నిలబడి ఉంటే ఇంకేమంటుంది? కెమెరా ముఖం దాటి కిందికి దిగదు. కాబట్టి చెప్పకుండా వెళ్ళి చూసే మనిషి ఒకరు దగ్గరలో ఉండాలి. మేనల్లుడైనా, చిన్ననాటి స్నేహితురాలైనా, పాత పాలేరైనా పరవాలేదు. భోజనాల వేళో, పొద్దున స్నానాలయ్యే వేళో వెళ్ళినవాళ్ళకు కనిపించేది ఆదివారం సాయంత్రం ముందే ఫోన్ చేసి వెళ్ళినవాళ్ళకు కనిపించదు.

మచ్చ ఎక్కడుందో చూడాలి

ముసలితనంలో చర్మం పలచబడుతుంది. ముంజేతుల మీద ఊదారంగు మచ్చలు ఏ దెబ్బా తగలకుండానే వస్తాయి. గుండెజబ్బుకు రక్తం పలచబడే మందులు వాడేవాళ్ళకు మంచం పట్టె తగిలినా కములుతుంది. కాబట్టి ప్రతి మచ్చా కొట్టిన దెబ్బ కాదు. అనుమానించాల్సింది మచ్చ ఉన్న చోటును బట్టి. మెడ, చెవులు, ముఖం, వీపు, పిరుదులు, తొడల లోపలి భాగం, అరికాళ్ళు, ఇవి దెబ్బ ఎలా తగిలిందని తప్పక అడగాల్సిన చోట్లు. రెండు జబ్బల మీదా వేళ్ళ గుర్తుల్లా మచ్చలుంటే ఎవరో గట్టిగా పట్టి లాగారని అర్థం. మణికట్టు చుట్టూ గాజుకు కింద ఎర్రగా గీత పడి ఉంటే, రాత్రిపూట పాత చీర ముక్కతో మంచానికి కట్టేస్తున్నారేమో చూడాలి. "లేచి పడిపోతారని కట్టామండి" అనే జవాబు చాలామందికి సబబుగానే తోస్తుంది. కానీ డాక్టరు రాసివ్వకుండా, ఇంట్లోవాళ్ళకు చెప్పకుండా ఒక మనిషిని రాత్రంతా కట్టేయడం సంరక్షణ అనిపించుకోదు. మచ్చ రంగును చూసి ఇది ఎన్నిరోజుల కిందటిదో కచ్చితంగా చెప్పడం డాక్టర్లకే కష్టం. అందుకని ఆ వాదనలోకి దిగకపోవడం మంచిది.

దెబ్బల కన్నా ఎక్కువగా కనిపించేది నిర్లక్ష్యం. మోచేతి దాకా జారిపోతున్న గాజులు, వేలాడుతున్న జాకెట్టు చూస్తే కాటా లేకుండానే బరువు తగ్గడం తెలుస్తుంది. నీళ్ళ గ్లాసు మంచానికి అందనంత దూరంలో ఉందా? నాలుక ఎండిపోయి ఉందా? నడుం కింద, మడమల మీద పడక పుండ్లు ఉన్నాయా? మంచం పట్టిన మనిషిని రెండేసి గంటలకోసారి పక్కకు తిప్పాలన్నది నర్సింగ్‌లో మొదటి పాఠం. తిప్పకపోతే ముందు చర్మం ఎర్రబడుతుంది, తర్వాత ఊడుతుంది, ఆ తర్వాత గుంట పడి ఎముక దాకా పోతుంది. ఎప్పుడు వెళ్ళినా మగతగా పడి ఉంటే, ఏ మాత్రలు ఇస్తున్నారో, ఏ డాక్టరు రాశాడో చీటీ అడగాలి. గోల చేసే మతిమరుపు రోగికి నిద్రమాత్ర వేసి పడుకోబెట్టడం మనుషులు చాలని ఆశ్రమాలకు తేలికైన దారి.

మతిమరుపు ఉన్నవాళ్ళ మాట నమ్మాలా అన్నది అన్నిటికన్నా చిక్కు ప్రశ్న. "అది నన్ను కొడుతోంది" అని అమ్మ అంటే, "ఆవిడకి మతి లేదండి" అని సిబ్బంది అంటారు. రెండూ నిజమే కావచ్చు. తేదీలు తప్పినా, పేరు తప్పినా, ఒక మనిషి గదిలోకి రాగానే ముడుచుకుపోయే ఒంటి భాష అంత సులువుగా తప్పదు. మరోవైపు మూత్రంలో ఇన్ఫెక్షన్ వచ్చినా, రక్తంలో సోడియం తగ్గినా పెద్దవాళ్ళు ఉన్నట్టుండి అయోమయంలో పడి లేనిపోనివి చెబుతారు. ఏది ఏదో తేల్చాల్సింది ఆసుపత్రి, ఆఫీసు గదిలో వాదన కాదు.

ఈ అనుమానం ఎవరి మీదా అన్యాయంగా వేసే నింద కూడా కాదు. వివిధ దేశాల అధ్యయనాలను కలిపి చూసిన ప్రపంచ ఆరోగ్య సంస్థ, ఇలాంటి సంస్థల సిబ్బందిలో ప్రతి ముగ్గురిలో ఇద్దరు గడిచిన ఏడాదిలో ఏదో ఒక రకంగా పెద్దల పట్ల తప్పుగా ప్రవర్తించామని తామే చెప్పారని అంటోంది. వాళ్ళంతా రాక్షసులు కారు. రాత్రి డ్యూటీలో ఇరవై మందికి ఒక్క ఆయాను పెడితే ఆ ఆయా కూడా మనిషే. అలా పెట్టింది యజమాని కాబట్టి ఆమె ఒక్కదాన్నీ మానిపించి చేతులు దులుపుకోవడాన్ని కుటుంబం ఒప్పుకోకూడదు.

"ఒకసారి డాక్టరుకి చూపించి తీసుకొస్తాం"

బయటికి తీసుకురావడానికి నింద వెయ్యాల్సిన పనే లేదు. ఒంట్లో బాగా లేనట్టుంది, ఒకసారి డాక్టరుకి చూపించి తీసుకొస్తాం అంటే చాలు. పరిస్థితి బాగా లేకపోతే 108కి ఫోన్ చేస్తే వాళ్ళే ఆసుపత్రికి చేరుస్తారు. మందుల చీటీలు, పాత రిపోర్టులు, ఆధార్, బ్యాంకు పుస్తకం అదే వంకతో తీసుకోవాలి. కళ్ళద్దాలు, కట్టుడు పళ్ళు, వినికిడి మిషను మర్చిపోతుంటారు. తర్వాత అవి దొరకవు.

బాకీ కట్టకుండా పంపం అని అడ్డుపడితే వ్యవహారం మారుతుంది. డబ్బు బాకీకి మనిషిని తాకట్టు పెట్టుకునే హక్కు ఎవరికీ లేదు. అలా నిలిపి ఉంచడం భారతీయ న్యాయ సంహిత (నేరాలకు శిక్షలు చెప్పే చట్టం) 127వ సెక్షన్ కింద అక్రమ నిర్బంధం. అప్పుడు 112కి ఫోన్ చెయ్యాలి. వయోవృద్ధుల జాతీయ హెల్ప్‌లైన్ 14567 కూడా ఉంది.

పెద్దావిడకు తెలివి బాగానే ఉండి, "నేనిక్కడే ఉంటాను, గొడవ చెయ్యకండి" అంటే? చాలా ఇళ్ళలో ఇది జరుగుతుంది. పిల్లల మీద భారం పడకూడదని కొంత, అక్కడే తిరిగి ఉండాల్సి వస్తుందన్న భయం కొంత. ఆమె మాటను తోసిపుచ్చి ఎత్తుకురావడం ఇంకో రకం బలవంతం. కానీ ఆ మాట ఆమె ఎక్కడ కూర్చుని అందన్నది చూడాలి. ఆశ్రమం గదిలో అన్నమాట వేరు, రెండు రోజులు కూతురి ఇంట్లోనో ఆసుపత్రిలోనో కడుపునిండా తిని నిద్రపోయాక అనేమాట వేరు.

ఎక్స్‌రే ఎందుకంత ముఖ్యం

మొదట ప్రైవేటు క్లినిక్‌కి తీసుకెళ్ళి ఆయింట్‌మెంట్ రాయించుకుని రావడం పొరపాటు. ప్రాణాపాయం లేకపోతే తిన్నగా ఏరియా ఆసుపత్రికో, కాకినాడ ప్రభుత్వ జనరల్ ఆసుపత్రి లాంటి పెద్ద ఆసుపత్రికో వెళ్ళి, దెబ్బలు ఎలా తగిలాయన్న అనుమానాన్ని డాక్టరుకు స్పష్టంగా చెప్పి మెడికో లీగల్ కేసుగా నమోదు చెయ్యమనాలి. అప్పుడు ఆసుపత్రి నుంచే పోలీసులకు కబురు వెళుతుంది. తర్వాత వచ్చే వూండ్ సర్టిఫికెట్టే (గాయాల మీద డాక్టరు ఇచ్చే ధ్రువపత్రం) కేసుకు వెన్నెముక.

ఒళ్ళంతా చూపించాలి, అడిగి మరీ ఎక్స్‌రే తీయించాలి. దీని వెనక ఒక చట్టపు లెక్క ఉంది. మామూలు గాయం భారతీయ న్యాయ సంహిత 115(2) కిందికి వస్తుంది. మేజిస్ట్రేటు అనుమతి లేకుండా పోలీసులు దర్యాప్తు చెయ్యలేని నేరమది. స్టేషన్లో ఒక ఎంట్రీ రాసి, కోర్టుకు వెళ్ళమని పంపేస్తారు. అదే ఎముక విరిగినా, పన్ను ఊడినా 116వ సెక్షన్ నిర్వచనం ప్రకారం తీవ్ర గాయం. పదిహేను రోజుల పాటు తీవ్రమైన బాధ పెట్టినా, రోజువారీ పనులు చేసుకోలేకుండా చేసినా అంతే. అప్పుడు పోలీసులు తమంతట తామే కేసు కట్టి దర్యాప్తు చెయ్యాలి. పెద్దవాళ్ళకు పక్కటెముకలో సన్నని పగులు ఉన్నా పైకి కనిపించదు. ఆ ఒక్క ఫిల్ముతో కేసు మొత్తం మారిపోవచ్చు.

ఫోటోలు ఆసుపత్రికి వెళ్ళేలోపే తియ్యాలి. ముఖం, గాయం కలిపి ఒకటి, గాయానికి దగ్గరగా ఒకటి, పక్కన ఒక స్కేలో రూపాయి బిళ్ళో పెట్టి ఇంకొకటి. తీసిన ఫోన్లోని అసలు ఫైలు చెరపకూడదు. వాట్సాప్‌లో పంపితే ఫోటో నాణ్యత తగ్గి, తేదీ వివరాలు పోతాయి. భారతీయ సాక్ష్య అధినియం 63వ సెక్షన్ కింద ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి సర్టిఫికెట్ జతచెయ్యాలి కాబట్టి అసలు ఫోన్, తీసిన మనిషి ఎవరన్నది రేపు అవసరమవుతుంది. ఇక ఆ ఫోటోల్ని ఫేస్‌బుక్‌లో పెట్టడం ఎంత ఆవేశం వచ్చినా మానుకోవాలి. సగం బట్టలతో ఉన్న తల్లి బొమ్మ ఊరంతా తిరగడం ఆమెకు ఇంకో అవమానం. పైగా ఆశ్రమం వాళ్ళకు ముందే హెచ్చరిక ఇచ్చినట్టవుతుంది.

స్టేషన్, పెద్దమనుషులు, యానాం

ఫిర్యాదులో "హింసిస్తున్నారు" అన్న ఒక్క మాటకన్నా తేదీ, వేళ, చూసింది ఎవరు, ఆ పూట డ్యూటీలో ఎవరు ఉన్నారు, డాక్టరు ఏం రాశాడు అన్నవి పనికొస్తాయి. సీసీ కెమెరా ఫుటేజీని భద్రపరచమని, రిజిస్టర్లను స్వాధీనం చేసుకోమని అందులోనే రాయాలి. ఫుటేజీ కొద్దిరోజుల్లో దానంతటదే చెరిగిపోతుంది. కట్టిపడేశారా, డబ్బు వాడుకున్నారా, తిండి పెట్టలేదా అన్నది విడివిడిగా రాయాలి, వాటికి సెక్షన్లు వేరు. నిస్సహాయుల బాగోగులు చూస్తామని ఒప్పందం చేసుకుని చూడకపోవడం కూడా న్యాయ సంహిత 357వ సెక్షన్ కింద నేరమే. మూడు నెలల దాకా జైలు, ఐదువేల దాకా జరిమానా, లేదా రెండూ అంటే శిక్ష చిన్నదే. కానీ "నిర్లక్ష్యం నేరం కాదండి" అనే వాదనకు అది జవాబు. చేర్చుకునేటప్పుడు సంతకం పెట్టించుకున్న "మాకు బాధ్యత లేదు" అన్న బాండు క్రిమినల్ కేసుకు అడ్డు రాదు.

అరవై దాటినవాళ్ళను సాక్ష్యం కోసం స్టేషన్‌కి పిలిపించకూడదని భారతీయ నాగరిక సురక్షా సంహిత (పోలీసులు, కోర్టులు నడుచుకోవాల్సిన తీరు చెప్పే చట్టం) 179వ సెక్షన్ చెబుతోంది. పోలీసులే వాళ్ళున్న చోటికి వచ్చి మాట నమోదు చేసుకోవాలి. ఎస్సై కేసు కట్టనంటే ఎస్పీకి పోస్టులో పంపవచ్చు, అక్కడా కదలకపోతే మేజిస్ట్రేటు ఉన్నాడు.

హద్దుల గొడవ డెల్టాలో ఎక్కువే. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడిపోయాక ఏ ఊరు ఏ జిల్లాదో పెద్దలకే తికమక. చించినాడ వంతెన దాటితే జిల్లా మారుతుంది. ఎదుర్లంక వంతెన దాటి యానాంలో అడుగుపెడితే ప్రభుత్వమే మారుతుంది, అక్కడి పోలీసులు పుదుచ్చేరి వాళ్ళు. ఆశ్రమం యానాంలో ఉండి, పెద్దావిడను కాకినాడ ఆసుపత్రిలో చేర్చారనుకుందాం. కాకినాడ స్టేషన్ "మా పరిధి కాదు" అనడానికి లేదు. నాగరిక సురక్షా సంహిత 173వ సెక్షన్ ప్రకారం నేరం ఎక్కడ జరిగినా సమాచారం తీసుకుని, జీరో ఎఫ్ఐఆర్ కట్టి సంబంధిత స్టేషన్‌కి పంపాలి.

ఇక పెద్దమనుషుల సంగతి. రాజీ అన్నది పాపమేమీ కాదు. ఫీజులు వెనక్కి ఇప్పించడం, సామాను తెప్పించడం లాంటివి అలా త్వరగా తేలుతాయి. వూండ్ సర్టిఫికెట్ చేతికి రాకముందే కూర్చోవడంలోనే నష్టం. ఆ దశలో ఆశ్రమం అడిగేది ఒక్కటే, "ఏమీ జరగలేదని ఒక కాగితం రాసివ్వండి". ఆ కాగితం ఇచ్చాక మిగిలిన కాగితాలన్నీ బలహీనపడతాయి.

ఈలోగా ఇంట్లో ఇంకో పంచాయితీ మొదలవుతుంది. "అక్కడ చేర్చింది నువ్వే" అని తమ్ముడు, "నువ్వు ఒక్కసారైనా వచ్చి చూశావా" అని అన్న. చేర్చినవాళ్ళకు లోపల అపరాధభావం ఉంటుంది కాబట్టి ఫిర్యాదుకు వాళ్ళే వెనకాడతారు. దాన్ని కనిపెట్టి ఆశ్రమం వాళ్ళు "తల్లిని వదిలేశారని మీ మీదే కేసు పెడతాం" అని బెదిరిస్తారు. 2007 నాటి తల్లిదండ్రులు, వయోవృద్ధుల పోషణ సంక్షేమ చట్టం 24వ సెక్షన్ శిక్షించేది పూర్తిగా వదిలించుకునే ఉద్దేశంతో వదిలేసినవాళ్ళని. నెలనెలా డబ్బు కట్టి, వచ్చి చూసిపోయే పిల్లలకు అది వర్తించదు.

ఆర్డీవోకు రెండు టోపీలు

చాలామంది ఈ ఫిర్యాదు పట్టుకుని ఆర్డీవో దగ్గరికి వెళతారు. ఆ 2007 పోషణ చట్టం కింద ఏర్పడ్డ ట్రిబ్యునల్ ఆయనదే కదా అని. ఆ ట్రిబ్యునల్ పని పిల్లల నుంచో వారసుల నుంచో పోషణ ఖర్చు ఇప్పించడం, ఆశ్రమాన్ని శిక్షించడం కాదు. కానీ అదే అధికారి ఎగ్జిక్యూటివ్ మేజిస్ట్రేటు కూడా. పెద్దావిడకు వైకల్యం ఉంటే, 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం 7వ సెక్షన్ కింద ఎవరైనా ఆయనకు సమాచారం ఇవ్వవచ్చు. ఆమెను అక్కడినుంచి విడిపించమని ఆయన ఆదేశించగలడు. సదరం సర్టిఫికెట్ (వైకల్యాన్ని ధ్రువీకరించే ప్రభుత్వ పత్రం) ఉంటే వెంటనే పనికొచ్చేది ఇక్కడే. తన సంరక్షణలో ఉన్న వికలాంగులకు తెలిసీ తిండి, నీళ్ళు ఇవ్వకపోతే 92వ సెక్షన్ కింద ఆరు నెలల నుంచి ఐదేళ్ళ దాకా జైలు. అర్జీ మీద ఏ చట్టం, ఏ సెక్షన్ అని రాయకపోతే అది పోషణ దరఖాస్తుల కట్టలో కలిసిపోయే ప్రమాదం ఉంది.

వకీలు ఖర్చుకు భయపడేవాళ్ళకు జిల్లా న్యాయసేవాధికార సంస్థ ఉంది, ఫోన్ 15100. మహిళలకు ఆదాయంతో పని లేకుండా ఉచిత సాయం అందుతుంది. డబ్బు తీసుకుని నడిపే ఆశ్రమమైతే వినియోగదారుల కమిషన్‌కూ వెళ్ళవచ్చు. 2019 చట్టం వచ్చాక కొడుకు ఫిర్యాదీ అయితే తాను ఉండే హైదరాబాద్‌లోనే వేసుకునే వీలుంది. గడువు రెండేళ్ళు.

వేలిముద్ర

ఒంటిమీది దెబ్బ చూసినవాళ్ళు ఖాతా చూడరు. ఎన్టీఆర్ భరోసా పింఛను కింద వృద్ధులకు నెలకు 4,000 రూపాయలు వస్తున్నాయి, మంచానికే పరిమితమైనవాళ్ళకు ఇంకా ఎక్కువ. వేలిముద్ర వేసేది పెద్దావిడే, డబ్బు ఎవరి చేతికి వెళుతోంది? బ్యాంకు ఖాతాకు జతచేసిన ఫోన్ నంబరు ఎవరిది? అది ఆశ్రమం మేనేజరుదైతే మెసేజులన్నీ అతనికే వెళుతున్నాయన్నమాట. నంబరు మార్పించి, ఏటీఎం కార్డు ఆపించి, ఏడాది స్టేట్‌మెంట్ తీయించాలి. కొబ్బరితోటో, చేపల చెరువో, ఇంటిస్థలమో ఆమె పేరున ఉంటే ఈసీ (ఆ ఆస్తి మీద జరిగిన రిజిస్ట్రేషన్ల వివరాల పత్రం) తీయించడం తప్పనిసరి. బాగా చూసుకుంటామన్న షరతుతో రాయించుకుని చూడకపోతే ఆ గిఫ్ట్ డీడును 2007 పోషణ చట్టం 23వ సెక్షన్ కింద రద్దు చేయించవచ్చు. ఇక్కడ మాత్రం ఆర్డీవో ట్రిబ్యునలే సరైన చోటు. పిల్లలెవరైనా పాత పవర్ ఆఫ్ అటార్నీతో వ్యవహారాలు నడుపుతుంటే ఒకటి గమనించాలి, రాసిచ్చిన మనిషి మతిస్థిమితం కోల్పోతే కాంట్రాక్ట్ చట్టం 201వ సెక్షన్ ప్రకారం ఆ పవర్ ఆగిపోతుంది.

మిగిలిన మంచాలు

తమ మనిషిని తెచ్చుకున్నాక చాలా కుటుంబాలు అక్కడితో ఆగిపోతాయి. అలసట అర్థం చేసుకోదగ్గదే. కానీ ఆ హాల్లో మిగిలినవాళ్ళలో చూడడానికి ఎవరూ రానివాళ్ళే ఎక్కువ. "రిజిస్టర్డ్" అన్న బోర్డు వాళ్ళకు రక్షణ కాదు. సొసైటీల చట్టం కింద రిజిస్ట్రేషన్ అంటే సంస్థ పేరు నమోదైందని మాత్రమే, మంచాలెన్ని, ఆయాలెందరు అని ఎవరో వచ్చి చూశారని కాదు. ప్రైవేటు ఆశ్రమాలకు కూడా రిజిస్ట్రేషన్, కనీస ప్రమాణాలు పెట్టాలని 2019 డిసెంబరులో లోక్‌సభలో ప్రవేశపెట్టిన సవరణ బిల్లు చట్టం కాకుండానే పోయింది. అదే ఆవరణలో వైద్యం కూడా చేస్తుంటే మాత్రం జిల్లా వైద్యాధికారి దగ్గర రిజిస్టరై ఉండాలి. అది ఉందో లేదో సమాచార హక్కు దరఖాస్తుతో తెలుసుకోవచ్చు.

కలెక్టరేట్లో సోమవారం జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో అర్జీ ఇచ్చేటప్పుడు సొంత ఫిర్యాదుతో పాటు ఇంకో కోరిక విడిగా రాయవచ్చు. విభిన్న ప్రతిభావంతులు, వయోవృద్ధుల సంక్షేమ శాఖ అధికారి, ఒక ప్రభుత్వ డాక్టరు కలిసి చెప్పకుండా వెళ్ళి, సిబ్బందిని బయట ఉంచి, అక్కడున్న ప్రతి ఒక్కరినీ విడిగా చూడాలని. అర్జీకి ఇచ్చే రసీదు నంబరు దాచుకుంటే, తనిఖీ జరిగిందా, ఏం రాశారు అన్నది తర్వాత ఆ నంబరు మీదే అడగవచ్చు.